ఏ కాలువను ముందు బాగుచేయాలి? చెరువుల గొలుసుకట్టు మీద ఫజ్జీ గ్రాఫ్ లెక్క

అనంతపురం జిల్లాలో ఒక చెరువును చూపించి "దీనికి నీళ్లు వస్తాయా" అని అడిగితే, అవుననో కాదనో తేల్చి చెప్పేవారు తక్కువ. "వంక సాగితే వస్తాయి", "కాలువ వదిలితే సగం దాకా వస్తాయి", "పైచెరువు మరవ (అలుగు) పారితే తప్ప రావు" అన్న జవాబులే వినిపిస్తాయి. ఈ మాటలు అస్పష్టమైనవే గాని అబద్ధాలు కావు. ఇంజనీరు పటంలో అక్కడ ఒక గీత గీసి "కాలువ ఉంది" అని రాసేసరికి, ఈ మాటల్లో ఉన్న సమాచారమంతా పోతుంది. దాన్ని పోనివ్వకుండా లెక్కలోకి తెచ్చుకునే సాధనమే ఫజ్జీ గ్రాఫ్. ఉన్న కొద్దిపాటి నిధితో ఒక్క కాలువను మాత్రమే బాగుచేయగలిగిన గ్రామ సంఘం, అది ఏ కాలువ కావాలో కాగితం మీద ఎలా తేల్చుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు డిగ్రీ గణితం అక్కరలేదు. రెండు అంకెల్లో ఏది పెద్దదో, ఏది చిన్నదో చెప్పగలిగితే చాలు.

గ్రాఫ్ అంటే కొన్ని బిందువులు, వాటిని కలిపే కొన్ని గీతలు. 1736లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనల చిక్కును విప్పినప్పటి నుంచి ఈ శాస్త్రంలో గీత ఉండడమో లేకపోవడమో తప్ప మధ్యస్థితి ఉండేది కాదు. 1965లో లోట్ఫీ జాదే ఫజ్జీ సమితులను ప్రతిపాదించి, ఒక వస్తువు ఒక గుంపుకు 0 నుంచి 1 దాకా ఏ మేరకైనా చెందవచ్చునన్నాడు. ఆ ఆలోచనను కాఫ్‌మన్ 1973లో గ్రాఫ్‌లకు తెచ్చాడు. 1975లో అజ్రియల్ రోజెన్‌ఫెల్డ్ దానికి పూర్తి సిద్ధాంత రూపమిచ్చాడు. ఫజ్జీ గ్రాఫ్‌లో ప్రతి బిందువుకూ ఒక విలువ ఉంటుంది, ప్రతి గీతకూ ఒక విలువ ఉంటుంది. నియమం ఒక్కటే: గీత విలువ, దాని రెండు కొసల్లోని బిందువుల విలువల్లో చిన్నదాన్ని మించరాదు. ఇది చదవడానికి పొడిగా కనిపించినా, పూడిపోయిన కుంటకు ఎంత మంచి కాలువ తవ్వినా ప్రయోజనం కుంట పట్టే మేరకే అన్న సంగతినే ఇది చెబుతున్నది. ఈ ఒక్క నియమం ముందుముందు ఒక అనవసరపు ఖర్చును ఆపుతుంది.

మొదట చేయవలసిన పని పటం గీయడం. ఉదాహరణకు ఒక ఊహాత్మకమైన గొలుసుకట్టును తీసుకుందాం. పైన హెచ్చెల్సీ (తుంగభద్ర జలాశయం నుంచి వచ్చే ఎగువ కాలువ) వంటి ఒక కాలువ, దానికి ఒక తూము. తూము నుంచి ఒక పాయ పెద్దచెరువుకు, మరొక పాయ చింతలకుంటకు పోతాయి. పెద్దచెరువు నుంచి ఒక కాలువ నేరుగా ఊరచెరువుకు వస్తుంది. పెద్దచెరువు మరవ పారిన నీరు వంక వెంట రంగనకుంటకు చేరుతుంది. చింతలకుంట నుంచి ఊరచెరువుకు ఒక పాత కాలువ ఉంది. రంగనకుంట నుంచి ఒక పాయ ఊరచెరువుకు, ఒక పాయ దిగువచెరువుకు వెళతాయి. ఊరచెరువు నిండితే ఆ నీరు కూడా దిగువచెరువుకే పోతుంది. అంటే ఆరు బిందువులు, ఎనిమిది గీతలు. రోజెన్‌ఫెల్డ్ గ్రాఫ్‌లో గీతకు దిశ లేదు. నీరు పల్లానికే పోతుంది కాబట్టి మన గీతలకు బాణం గుర్తు తప్పనిసరి. బాణం మరిచిపోతే లెక్క నీటిని ఎగువకు పారిస్తుంది.

రెండవ పని విలువలు ఇవ్వడం. పని అంతటిలో కష్టమైన భాగం ఇదే, తప్పులు జరిగేదీ ఇక్కడే. మాటలకు అంకెలను ముందే నిర్ణయించుకోవాలి: "అసలు పారదు" అంటే 0, "చుక్క చుక్క" అంటే 0.2, "వాన గట్టిగా పడితేనే" అంటే 0.4, "కాలువ వదిలితే సగం ధార" అంటే 0.6, "కట్ట తెగకపోతే ఢోకా లేదు" అంటే 0.8, "ఎప్పుడూ నిండు" అంటే 1. రెండు మాటల మధ్య ఊగిసలాడితే నడిమి అంకె వేసుకోవాలి. 0.4 అన్నది సంభావ్యత కాదని కూడా అందరికీ ముందే చెప్పాలి. పదేళ్లలో నాలుగేళ్లు పారుతుందని దాని అర్థం కాదు. ఈనాటి స్థితిలో ఆ కాలువ "బాగా పారే కాలువ" అన్న మాటకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత అది.

అడగవలసిన వారిని విడివిడిగా అడగాలి. చెరువు నీటిని పొలాలకు వదిలే నీరుగంటికి కాలువ ఎక్కడ గండి పడిందో తెలుసు. ఆయకట్టు చివరి మడి రైతుకు నీరు ఎన్నాళ్లకు చేరుతుందో తెలుసు. ఇంజనీరుకు కాలువ వాలు తెలుసు. ముగ్గురినీ రచ్చకట్ట మీద కూర్చోబెట్టి ఒకేసారి అడిగితే, గొంతు పెద్దదైన వారి అంకె మిగతా ఇద్దరి అంకె అయిపోతుంది. మూడు అంకెలు చేతికి వచ్చాక సగటు తీయకుండా, వరుసలో పేర్చి నడిమిది తీసుకోవడం మేలు; ఒకరు కావాలని బాగా ఎక్కువో తక్కువో చెప్పినా అది నడిమి విలువను లాగలేదు. ముగ్గురి అంకెల మధ్య తేడా 0.4 కన్నా ఎక్కువ ఉంటే మాత్రం అంకె వేయడం ఆపి, ఆ కాలువ వెంట నడిచి రావడమే మార్గం.

బిందువుల విలువ దగ్గర మన ప్రాంతానికి ఒక పాత ఆసరా ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. అది మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల ఎల్లలో ఉండడం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం ఆ దోషాలు. చెరువును మంచిదనో చెడ్డదనో ఒక్క మాటతో తేల్చకుండా, ఏ దోషం ఏ మేరకు ఉందో చూసే దృష్టి అందులో కనిపిస్తుంది. ఒక్కొక్క చెరువు దగ్గర నిలబడి ఈ దోషాలను వరుసగా అడిగి విలువ తగ్గించుకుంటూ పోతే, అంకె గాలిలో నుంచి రాదు.

మన ఉదాహరణలో బిందువుల విలువలు ఇలా వచ్చాయనుకుందాం: తూముకు 0.9, పెద్దచెరువుకు 0.8, చింతలకుంటకు 0.4, రంగనకుంటకు 0.7, ఊరచెరువుకు 0.9, దిగువచెరువుకు 0.8. చింతలకుంటకు అంత తక్కువ రావడానికి కారణం పూడిక. తూముకు 1 ఇవ్వకపోవడానికీ కారణం ఉంది. 1953లో సుమారు 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర జలాశయం పూడిక వల్ల 2016 సర్వే నాటికి 105.79 టీఎంసీలకు తగ్గింది. 2024 ఆగస్టులో దాని 19వ గేటు కొట్టుకుపోవడం మనమందరం చూశాం. ఆ మాటకొస్తే 0.9 కూడా ఉదారంగా వేసిన అంకే.

గీతల విలువలు ఇవి:

తూము నుంచి పెద్దచెరువుకు 0.7
తూము నుంచి చింతలకుంటకు 0.4
పెద్దచెరువు నుంచి ఊరచెరువుకు 0.4
పెద్దచెరువు నుంచి రంగనకుంటకు 0.6
చింతలకుంట నుంచి ఊరచెరువుకు 0.2
రంగనకుంట నుంచి ఊరచెరువుకు 0.3
రంగనకుంట నుంచి దిగువచెరువుకు 0.5
ఊరచెరువు నుంచి దిగువచెరువుకు 0.6

ఎనిమిదీ పైన చెప్పిన నియమాన్ని పాటిస్తున్నాయో లేదో ఒకసారి సరిచూసుకుని ముందుకు పోవాలి.

మూడవ పని బలం కట్టడం. ఒక దారి బలం అంటే ఆ దారిలోని గీతలన్నింటిలో అతి చిన్న విలువ. ఒక చెరువుకు తూముతో ఉన్న సంధాన బలం అంటే, తూము నుంచి ఆ చెరువుకు వచ్చే దారులన్నింటి బలాల్లో అతి పెద్దది. ముందు ప్రతి దారిలో చిన్నది, తర్వాత దారులన్నింటిలో పెద్దది. పెద్దచెరువుకు ఒకే దారి ఉంది, బలం 0.7. చింతలకుంటకు 0.4. రంగనకుంటకు 0.7, 0.6ల్లో చిన్నది కాబట్టి 0.6. ఊరచెరువుకు మూడు దారులున్నాయి: పెద్దచెరువు మీదుగా 0.4, చింతలకుంట మీదుగా 0.2, పెద్దచెరువు, రంగనకుంటల మీదుగా 0.3. వీటిలో పెద్దది 0.4. దిగువచెరువుకు ఊరచెరువు మీదుగా వస్తే 0.4 మాత్రమే, రంగనకుంట నుంచి నేరుగా వస్తే 0.5; కనుక దాని బలం 0.5. ఇరవై, ముప్పై చెరువులున్న గొలుసుకైతే దారులన్నీ చేత్తో లెక్కించడం కుదరదు. అప్పుడు ఎక్సెల్ షీటులో విలువలను అడ్డంగా, నిలువుగా పట్టికగా పేర్చి, ఒక బిందువు తనకు తానే ఎదురయ్యే గడుల్లో 1 వేసి, గుణకారం ఉండేచోట చిన్నదాన్ని, కూడిక ఉండేచోట పెద్దదాన్ని తీసుకుంటూ పట్టికను దానితో దానికే మళ్లీ మళ్లీ కలిపితే, విలువలు మారడం ఆగిన చోట జవాబు ఉంటుంది.

ఇక నాలుగవ పని, ఏ కాలువను బాగుచేస్తే ఏమవుతుందో పరీక్షించడం. సంఘం సమావేశాల్లో సాధారణంగా వచ్చే మాట "అన్నిటికన్నా పాడైపోయిన కాలువను ముందు బాగుచేద్దాం" అన్నది. న్యాయంగా వినిపించే ఈ మాట మన ఉదాహరణలో పూర్తిగా తప్పు. అన్నిటికన్నా తక్కువ విలువ ఉన్నది చింతలకుంట నుంచి ఊరచెరువుకు వచ్చే 0.2 కాలువ. దాన్ని ఎంత బాగుచేసినా చింతలకుంట విలువ 0.4 కాబట్టి గీత 0.4ను దాటదు, ఊరచెరువుకు ఇప్పటికే పెద్దచెరువు మీదుగా 0.4 ఉన్నది. కంపచెట్లు కొట్టించి, కాలువ తవ్వించి, బిల్లు చెల్లించాక ఊరచెరువు బలం 0.4 దగ్గరే ఉంటుంది. చింతలకుంట పూడిక తీయడం, తూము పాయను వెడల్పు చేయడం, ఆ పైన ఈ కాలువ తవ్వడం మూడూ కలిసి జరిగితేనే ఆ దారికి ప్రాణం వస్తుంది. మన దగ్గర ఉన్నది ఒక్క పనికి సరిపడే డబ్బు.

అలాగే ఊరచెరువు నుంచి దిగువచెరువుకు పోయే కాలువను 0.6 నుంచి 0.8కి పెంచినా, ఊరచెరువుకే 0.4 వస్తున్నప్పుడు దిగువచెరువుకు కలిగే లాభం సున్నా. పెద్దచెరువు పాయను 0.8కి పెంచితే పెద్దచెరువు ఒక్కటే బాగుపడుతుంది, రంగనకుంట వంకను 0.7కి పెంచితే రంగనకుంట ఒక్కటే బాగుపడుతుంది. చివరికి మూడు పనులు మిగులుతాయి. పెద్దచెరువు నుంచి ఊరచెరువుకు ఉన్న కాలువను 0.8 దాకా పెంచితే ఊరచెరువు 0.7కు, దిగువచెరువు 0.6కు చేరుతాయి. రంగనకుంట నుంచి ఊరచెరువుకు ఉన్న పాయను 0.7 దాకా పెంచితే ఊరచెరువు, దిగువచెరువు రెండూ 0.6కు చేరుతాయి. రంగనకుంట నుంచి దిగువచెరువుకు ఉన్న పాయను 0.7 చేస్తే దిగువచెరువు 0.6 అవుతుంది, ఊరచెరువు మాత్రం 0.4లోనే ఉండిపోతుంది.

ఇదే పటం మీద వ్యతిరేక దిశలో ఇంకొక పరీక్ష కూడా చేయాలి: ఒక్కొక్క గీతను చెరిపివేసి ఏ చెరువు బలం పడిపోతుందో చూడాలి. చెరిపితే ఏవో రెండు బిందువుల మధ్య సంధాన బలం తగ్గే గీతను రోజెన్‌ఫెల్డ్ ఫజ్జీ వంతెన అన్నాడు. మనకు తూము నుంచి వచ్చే బలమే ముఖ్యం కాబట్టి అంతవరకే చూద్దాం. తూము నుంచి పెద్దచెరువుకు వచ్చే పాయ తెగితే పెద్దచెరువు, రంగనకుంట సున్నాకు పోతాయి. ఊరచెరువు, దిగువచెరువు 0.2కు పడతాయి. కాపలా ఉండవలసింది, వానాకాలానికి ముందే గండ్లు పూడ్చవలసింది అక్కడ. రంగనకుంట నుంచి ఊరచెరువుకు వచ్చే పాయను చెరిపితే మాత్రం ఏ విలువా మారదు. ఈనాడు పూర్తిగా మూసుకుపోయినా ఎవరికీ తెలియని ఆ పాయే, బాగుపడితే రెండు చెరువులను ఒక మెట్టు పైకి తెస్తుంది. కాపాడవలసిన కాలువ వేరు, బాగుచేయవలసిన కాలువ వేరు అన్న ఈ సంగతి కంటితో పటం చూస్తే తట్టదు. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

నీటి లెక్క ఒక్కటే నిర్ణయం కాదు. మూడు పనుల్లో ఒకటి ఎంచుకోవడానికి 1970లో బెల్‌మన్, జాదే ఇద్దరూ చెప్పిన పద్ధతిని వాడుకోవచ్చు: లక్ష్యాలకూ పరిమితులకూ ఒకే కొలబద్ద మీద విలువలిచ్చి, ఒక్కొక్క పనికి వాటిలో అతి చిన్న విలువను దాని యోగ్యతగా తీసుకుని, యోగ్యత పెద్దదైన పనిని ఎంచుకోవాలి. మనం మూడు విషయాలు చూద్దాం: ఊరచెరువుకు చేరే బలం, ఖర్చును భరించగల వీలు, కాలువ వెంట ఉన్న రైతుల సమ్మతి. పెద్దచెరువు కాలువకు నీటి విలువ 0.7; దారిలో రాతినేల తవ్వాలి, రోడ్డు కింద మోరీ కట్టాలి కాబట్టి ఖర్చు వీలు 0.4, కొంత దూరం పట్టా పొలాల్లో కలిసిపోయింది కాబట్టి సమ్మతి 0.5. చిన్నది 0.4. రంగనకుంట నుంచి ఊరచెరువు పాయకు నీరు 0.6, ఖర్చు 0.6, సమ్మతి 0.7, చిన్నది 0.6. రంగనకుంట నుంచి దిగువచెరువు పాయకు నీరు 0.4, ఖర్చు 0.8, సమ్మతి 0.6, చిన్నది 0.4. కాబట్టి ఎన్నిక రంగనకుంట నుంచి ఊరచెరువుకు వచ్చే పాయ. నీరు అన్నిటికన్నా ఎక్కువ తెచ్చే పని గెలవలేదు, ఖర్చు అన్నిటికన్నా తక్కువ అయ్యే పనీ గెలవలేదు. సమ్మతిని నీటితో సమానంగా పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. కానీ పోరుమామిళ్ల శాసనం చెరువు ఎల్లలో ఉండడాన్ని ఊటకట్టతో పాటే దోషంగా చెప్పింది. గట్టు తగాదా పడిన కాలువలో నీరు పారదని ఈ జిల్లాల్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ సగటు తీసుకోకూడదు. సగటులో రంగనకుంట నుంచి దిగువచెరువు పాయకు 0.6 వస్తుంది, గెలిచిన పనికి 0.63 వస్తుంది. రెండూ దాదాపు సమానమన్నట్టు కనిపించి, ఊరచెరువు ఎండిపోతూనే ఉంటుందన్న సంగతి చౌక ఖర్చు కింద కప్పబడిపోతుంది.

ఈ లెక్కకు హద్దులు కూడా ఉన్నాయి. మూడు దారుల్లో వచ్చిన నీరు ఊరచెరువులో నిజానికి కలుస్తుంది, మన లెక్క మాత్రం పెద్ద దారిని ఒక్కదాన్నే చూస్తుంది. చేరే సంబంధం ఎంత గట్టిదో ఇది చెబుతుంది గాని ఎన్ని క్యూసెక్కులు వస్తాయో చెప్పదు. పరిమాణం కావాలంటే ప్రవాహ లెక్కలు వేరే వేయించుకోవాలి. చిన్నదాన్ని తీసుకునే పద్ధతి నల్లరేగడి నేలల్లో, దగ్గరి కాలువల్లో సరిపోతుంది. ఇసుక కలిసిన ఎర్రనేలలో ప్రతి మైలుకూ నీరు ఇంకిపోతున్నప్పుడు, చిన్నది తీసుకోవడానికి బదులు విలువలను గుణించడం సబబు. అప్పుడు రంగనకుంట మీదుగా దిగువచెరువు బలం 0.7, 0.6, 0.5ల లబ్ధం 0.21 అవుతుంది, దారి పొడుగైన కొద్దీ బలం క్షీణించడం అంకెలోనే కనిపిస్తుంది. ఏ పద్ధతి వాడాలో నేలను చూసి ముందే నిర్ణయించుకోవాలి. రెండూ వేసి నచ్చిన జవాబును ఎంచుకోవడం లెక్క కాదు.

ఆఖరున, తీర్మానం రాసుకునే ముందు, అంకెలను కుదిపి చూడాలి. ఒక్కొక్క విలువను 0.1 పెంచి, 0.1 తగ్గించి, ఎన్నిక మారుతుందో లేదో గమనించాలి. గెలిచిన పాయకు ఖర్చు వీలు 0.5కు తగ్గినా అదే గెలుస్తుంది. అదే సమయంలో పెద్దచెరువు కాలువ ఖర్చు వీలు 0.5కు పెరిగితే రెండూ సమానమవుతాయి. అందువల్ల ఈ రెండు పనులకు నోటిమాట కాకుండా రాతపూర్వకమైన ఎస్టిమేట్లు తెప్పించుకోవాలి. అంతకన్నా ముఖ్యమైనది పెద్దచెరువు నుంచి రంగనకుంటకు వచ్చే వంక. దాని విలువ 0.6 అని మనం అనుకున్నాం. అది నిజానికి 0.5 అయితే ఊరచెరువు 0.5 దగ్గర ఆగుతుంది, ఎన్నిక మాత్రం నిలబడుతుంది. కానీ అది 0.4 అయితే, రంగనకుంట పాయను ఎంత బాగుచేసినా ఊరచెరువు ఇప్పుడున్న 0.4 నుంచి కదలదు, పెట్టిన డబ్బంతా వృథా అవుతుంది. ఎన్నిక మొత్తం మనం బాగుచేయని ఒక వంక మీద ఆధారపడి ఉంది. కాబట్టి టెండరు మాట ఎత్తకముందే నీరుగంటిని వెంటబెట్టుకుని, పెద్దచెరువు మరవ దగ్గర మొదలుపెట్టి రంగనకుంట దాకా ఆ వంక వెంట నడవాలి. ఎక్కడ కంప పెరిగిందో, ఎక్కడ ఇసుక తవ్వారో, ఎవరు గట్టు జరిపారో రాసుకుని వచ్చి, ఆ 0.6ను మళ్లీ వేయాలి.